చెరువు వేరు, బ్యారేజీ ఎగువ నీరు వేరు

ప్రశ్న: ముప్పయ్యేళ్లకు పైగా హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, వీలు చిక్కిన ప్రతి ఆదివారం హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడిపాను. పదవీ విరమణ తరువాత గుంటూరులో స్థిరపడ్డాను. నాకిప్పుడు అరవై నాలుగేళ్లు. లేజర్ అనే, ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ పాతది ఒకటి పెరట్లో బోర్లించి ఉంది. ప్రకాశం బ్యారేజీ ఎగువన నీరు చెరువులాగే నిలకడగా ఉంటుంది కదా, అక్కడ దించవచ్చునా? పదేళ్ల మనవడికీ నేర్పాలని ఉంది. మోకాళ్లు సహకరించవని ఇంట్లో వారిస్తున్నారు.
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: దించవచ్చును గానీ, ‘చెరువులాగే’ అన్న మాటను ముందు మనసులోంచి తీసేయండి. హుస్సేన్‌సాగర్‌లో గాలి పడిపోతే విసుగు తప్ప ప్రమాదం లేదు. పడవ ఉన్నచోటే ఉంటుంది, మీరు తెర కింద కూర్చుని ఎండకు మాడతారు, అంతే. ఇక్కడ మాత్రం గేట్లన్నీ మూసి ఉన్నా, బ్యారేజీకి రెండు కొసలా ఉన్న కాలువలు నీటిని లాక్కుంటూనే ఉంటాయి. కాబట్టి గాలి ఆగిన మరుక్షణం నుంచి మీ పడవ, మీకు తెలియకుండానే, బ్యారేజీ వైపు జారడం మొదలుపెడుతుంది. పైకి నిశ్చలంగా కనిపించే నీటిలో ఈ జారుడును పసిగట్టాలంటే ఒడ్డున ఒక చెట్టును, దాని వెనుక ఒక భవనాన్ని గురుతు పెట్టుకుని, ఆ రెండూ ఒకే వరుసలో నిలిచి ఉన్నాయో లేదో చూస్తూ ఉండాలి.

ఇంకొక చిక్కు మీ అలవాటుకు సంబంధించినది. హుస్సేన్‌సాగర్‌లో పోటీలకు పనికివచ్చే గాలి నైరుతి రుతుపవనాల కాలంలోనే వీస్తుంది గనుక, జూన్ నుంచి ఆగస్టు దాకా అనగానే మీ చేతులు తెరతాడు కోసం తహతహలాడతాయి. కృష్ణకు వరద వచ్చేదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. అప్పటి పడమటిగాలి, నదీ ప్రవాహం రెండూ కలిసి పడవను గేట్ల మీదికే తోస్తాయి. 2024 సెప్టెంబరు వరదలో కట్లు తెంచుకుని వచ్చిన భారీ పడవలు గేట్లను ఢీకొని కౌంటర్‌వెయిట్లను, అంటే గేట్లను ఎత్తడానికి సాయపడే సమతూకపు దిమ్మెలను, దెబ్బతీశాయి. అరవై కిలోలైనా లేని మీ లేజర్ ఆ నీటి ముందు ఎంత? కనుక జూలై నుంచి అక్టోబరు దాకా పడవను పెరట్లోనే ఉంచండి.

మీకు అనువైనది ఎండాకాలపు సాయంత్రం. సముద్రం వైపు నుంచి వచ్చే ఆ గాలి మిమ్మల్ని బ్యారేజీకి దూరంగా, ఎగువకు తీసుకుపోతుంది; తిరుగు ప్రయాణంలో ఎదురుగాలికి అటూ ఇటూ వాలుగా కోసుకుంటూ రావాలి. అది మీకు కొత్త కాదు. సీతానగరం, ఉండవల్లి కొండల చాటుకు వచ్చినప్పుడు మాత్రం గాలి చప్పున చచ్చిపోయి, చాటు దాటగానే ఒక్క ఊపున మీద పడుతుంది. దూరాన నీటి మీద గరుకుగా, నల్లగా ఒక మచ్చ మీ వైపు పాకుతూ వస్తుంటే అదే ఆ గాలి. అది చేరకముందే తెరతాడు కాస్త వదలండి. భవానీ ద్వీపానికి దిగువన తిరగకండి. జలవనరుల శాఖ, పర్యాటక శాఖ వారి అనుమతి లేకుండా దిగనే వద్దు.

మోకాళ్ల విషయంలో ఇంట్లోవారి మాటలో సగం న్యాయం ఉంది. లేజర్ పూర్తి తెర 7.06 చదరపు మీటర్లు. తెరకొయ్య కింది ముక్క మార్చి రేడియల్ తెర కడితే అది 5.7 చదరపు మీటర్ల పైచిలుకుకు తగ్గుతుంది, పడవ మాత్రం అదే. ఒడ్డు దగ్గర, తోడుగా ఒక మోటారు పడవను ఉంచుకుని, కావాలనే ఒకసారి తిరగబడండి. డ్యాగర్‌బోర్డు (పడవ మధ్య నుంచి నీటిలోకి దించే పలక) మీద బరువు వేసి పడవను నిలబెట్టి, మళ్లీ ఎక్కగలిగితే మీ మోకాళ్లు పాసయినట్టే. అంతకన్నా ముందు తెరకొయ్య నిలబెట్టే గుంతలో నిండా నీళ్లు పోసి, కాసేపయ్యాక మట్టం తగ్గిందేమో చూడండి. తగ్గితే ఆ నీరు పడవ పొట్టలోకి పోతున్నట్టు. ఏళ్ల తరబడి బోర్లా పడుకున్న పడవను ఈ పరీక్ష లేకుండా నమ్మరాదు.

మనవడికి ముందు ఈత, తరువాత ఆప్టిమిస్ట్. 2.3 మీటర్ల పొడవు, 35 కిలోల బరువు ఉండే ఆ పడవ పదిహేనేళ్లలోపు పిల్లల కోసమే ఉన్నది. మొదటి పాఠాలు మాత్రం వేసవి సెలవుల్లో హుస్సేన్‌సాగర్‌లోనే చెప్పించండి. తప్పులు చేయడానికి చెరువే మేలు. సముద్రం లేని ఊరని చిన్నబుచ్చుకోనక్కరలేదు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఐఎల్‌సీఏ 4 (లేజర్ పడవకే చిన్న తెర కట్టే తరగతి) విభాగంలో రజతం గెలిచిన నేహా ఠాకూర్ భోపాల్ పెద్ద చెరువులో నేర్చుకున్న పిల్లే.

ప్రశ్న: తెరచాపకు బ్యారేజీ ఎగువ నీటికన్నా కొల్లేరు మంచిది కాదా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కాదు. లేజర్ డ్యాగర్‌బోర్డు రెండున్నర అడుగుల లోతుకు దిగుతుంది. కొల్లేటిలో చాలాచోట్ల అది బురదకో, గుర్రపుడెక్కకో, నాచుకో తగులుకుంటుంది. పైగా అది పక్షుల అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడినేల, అంటే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తింపు పొందినది. గూళ్ల మధ్యకు తెర ఎగరేసుకుని పోవడం భావ్యం కాదు. అక్కడి నీటికి గడతో నెట్టే తాటి దోనె సరిపోతుంది.