జరిగింది చెప్పించాలా, వద్దా?

ప్రశ్న: బాలాపూర్‌లో మయన్మార్ శరణార్థులైన రోహింగ్యాల పిల్లలకు సాయంత్రం పూట చదువు చెబుతున్నాను. ఇరవై మంది వస్తారు. బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరం నుంచి వచ్చిన పదేళ్ల బాబు అక్కడ గుడిసెలు తగలబడడం చూశాడట. రాత్రిళ్లు పక్క తడుపుతున్నాడు, టపాసు పేలితే బల్ల కింద దూరుతున్నాడు. జిన్ను పట్టిందని తల్లి అంటోంది. పిల్లలందరి చేత జరిగిన ఘోరాల బొమ్మలు గీయించి, చెప్పిద్దామనుకుంటున్నాం. మంచిదేనా?
– ఒక టీచర్, హైదరాబాద్

జవాబు: చెప్పించకండి. ఒక్క పూట కూర్చోబెట్టి జరిగిందంతా తవ్వించే పద్ధతి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది. ఒకరు చెబుతుంటే మిగతా పంతొమ్మిది మందికీ తమవి గుర్తొస్తాయి. మీరు ఇంటికెళ్లిపోతారు, ఆ రాత్రి వాళ్లు గుడిసెలో ఒంటరిగా పడుకోవాలి. బొమ్మలు గీయనివ్వండి, ఏం గీయాలో మాత్రం మీరు చెప్పొద్దు. వాడంతట వాడు చెబితే వినండి, ఆపకండి, ఎదురు ప్రశ్నలు వేయకండి.

ముందు పక్క తడపడం సంగతి. అన్నిటికీ భయమే కారణం అనుకోకూడదు. మూత్రంలో మంట, మలబద్ధకం, విపరీతమైన దాహం ఉన్నాయేమో అడిగి, ఒకసారి మూత్ర పరీక్ష చేయించండి. మరుగుదొడ్డి ఎంత దూరమో, దారిలో దీపం ఉందో లేదో చూడండి. చాలా గుడిసెల్లో సగం జబ్బు అక్కడే ఉంటుంది. ఒక టార్చి, తోడుగా పెద్దవాళ్లు ఉంటే తగ్గిపోతుంది. కొట్టడం, నలుగురిలో తిట్టడం ఆపమని తల్లికి చెప్పండి. కాగితం మీద ఏడు గళ్లు గీసి, పడుకునే ముందు మరుగుదొడ్డికి వెళ్లిన ప్రతి రాత్రికీ ఒక నక్షత్రం వేయించండి. పక్క పొడిగా ఉంటేనే నక్షత్రం అంటే, వాడి చేతిలో లేనిదానికి శిక్ష వేసినట్టు.

జిన్ను గురించి తల్లితో వాదించకండి. తావీజు ఉండనివ్వండి, దాంతోపాటు డాక్టరూ. కొట్టడం, పొగ పెట్టడం మాత్రం ఆపించాలి. మాట కలపాలంటే మానసిక జబ్బు అనే పేరు ఎత్తకుండా నిద్ర, తిండి, తలనొప్పి గురించి అడగండి. వాడి అక్కనో అన్ననో దుబాసీగా పెట్టొద్దు. తల్లి వాళ్ల ముందు సగం దాస్తుంది.

మీ తరగతే మంచి మందు. రోజూ అదే వేళ, అదే మనిషి, అదే ఆటతో మొదలు. వాలంటీర్లు వారానికొకరు మారితే ఈ మందు పని చేయదు. బడిలో చేర్పించడమూ వైద్యంలో భాగమే. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ రోహింగ్యా పిల్లల కేసులో సుప్రీంకోర్టు, ముందు ప్రభుత్వ బడికి వెళ్లి అడగమని, కాదంటే హైకోర్టుకు వెళ్లవచ్చని చెప్పింది.

ఇంకొంచెం చేయగలమనుకుంటే, భయం, దిగులుతో ఉన్న పిల్లల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ‘ఈజ్’ పద్ధతి ఉంది. పిల్లలకు 7 సార్లు, పెంచేవాళ్లకు 3 సార్లు. జోర్డాన్, లెబనాన్‌లలో దీన్ని పరీక్షించారు. డాక్టర్లే నడపక్కర్లేదు, కానీ శిక్షణ, పైన చూసే నిపుణుడు తప్పనిసరి. పుస్తకం చదివేసి మొదలుపెట్టొద్దు.

నెల దాటినా తగ్గకపోతే, ఆటలు మానేస్తే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు తీసుకెళ్లండి. చావు మాటలు, మూర్ఛ, తిండి మానేయడం కనిపిస్తే అదే రోజు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు. ఎవరైనా హింసిస్తున్నారని అనుమానమొస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098. నిద్ర మాత్రలు మందుల షాపులో కొని వేయొద్దని తల్లికి విడిగా, స్పష్టంగా చెప్పండి.