సంగీత సందేహాలు: ఆపెరెట్టా ప్రేమగీతాలు, టెనర్ గాత్రాలు

ప్రశ్న: కొంతకాలంగా రిచర్డ్ టౌబర్ అనే టెనర్ (పురుష గాత్రాల్లో పైస్థాయి గొంతు) గాయకుడి పాత రికార్డులు వింటున్నాను. ముఖ్యంగా ఫ్రాన్జ్ లెహార్ స్వరపరచిన 'నా హృదయమంతా నీదే' అన్న పాట నన్ను వదలడం లేదు. నాకు జర్మన్ రాదు. ఒపెరా బాగా తెలిసిన మిత్రులు ఇదంతా చౌకబారు భావుకత అనీ, పాతకాలం మీది మోజే తప్ప ఇందులో సంగీతం తక్కువనీ అంటున్నారు. వందేళ్ళు కావస్తున్నా ఇలాంటి పాటలు నిలిచి ఉండడానికి కారణం ఆ మోజేనా?

జవాబు: మోజు ఉన్న మాట నిజమే. అయితే అది ఈనాటి శ్రోతలతో మొదలైంది కాదు. మీరు చెప్పిన పాట 'చిరునవ్వుల దేశం' అనే ఆపెరెట్టాలోది, అంటే ఒపెరా కన్నా తేలికైన, మాటలు కూడా కలిసే సంగీత నాటకంలోది. ఆ ఆపెరెట్టా 1929 అక్టోబరు 10న బెర్లిన్‌లోని మెట్రోపోల్ థియేటర్‌లో మొదటిసారి ప్రదర్శితమైంది. అప్పటికే వియన్నా రాజధానిగా ఉన్న హాబ్స్‌బర్గ్ సామ్రాజ్యం కూలిపోయి పదకొండేళ్ళయింది. దాని కథ మాత్రం 1912 నాటి వియన్నాలో మొదలవుతుంది. అంటే తొలి ప్రదర్శనకు టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడు కూడా పోయిన కాలాన్ని తలుచుకోవడానికే వచ్చాడన్నమాట. అయితే వియన్నాతో ఏ జ్ఞాపకమూ లేని మీవంటి వారిని ఆ పాట ఎందుకు పట్టుకుంటున్నదో చెప్పడానికి ఈ కారణం చాలదు.

నా దృష్టిలో అసలు కారణం పాట నిర్మాణంలో ఉంది. సాధారణంగా ఆపెరెట్టా పాటలో ముందు ఒక చరణం వంటిది వచ్చి, శ్రోతను సిద్ధం చేసి, ఆ తర్వాత పల్లవి చేతికి అందుతుంది. ఇక్కడ లెహార్ ఆ మర్యాద పాటించలేదు. ఆర్కెస్ట్రా చిన్న ఎత్తుగడ ఇవ్వగానే గాయకుడు నేరుగా పల్లవి అందుకుని, 'నా హృదయమంతా నీదే, నీవు లేని చోట నేను ఉండలేను' అనేస్తాడు. దాచుకోవలసిన మాట మొట్టమొదటే బయటపడిపోయింది కాబట్టి, మధ్యభాగం తగ్గు గొంతులో నడిచినంతసేపూ మనం ఆ మొదటి వాక్యం మళ్ళీ ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తూనే ఉంటాం. అది తిరిగి వచ్చేటప్పటికి బాణీ మారకపోయినా బరువు పెరుగుతుంది. ఈ ఎదురుచూపుకు జర్మన్ రానక్కరలేదు.

ఇక కథలో ఆ పాట ఉన్న చోటు చూడండి. చైనా రాకుమారుడు సూ-చోంగ్, వియన్నా యువతి లీసా ప్రేమించుకుని పెకింగ్ చేరతారు. అక్కడి ఆచారం ప్రకారం అతడు మరో నలుగురు స్త్రీలను పెళ్ళాడక తప్పదని పెద్దలు పట్టుబడతారు. ఆ రెండో అంకంలోనే ఈ పాట వస్తుంది. కథ ముగిసేసరికి లీసా స్వదేశానికి వెళ్ళిపోతుంది. విడిగా వింటే విజయగీతంలా వినిపించే ఈ పాట, కథలో ఓడిపోబోతున్న మనిషి పాడేది. చైనాను చూపిన తీరులో ఆనాటి ఐరోపావారి ఊహలే ఎక్కువ, అది వేరే చర్చ. కానీ 1925లో వచ్చిన 'పగనీనీ' నుంచి లెహార్ చివరి దశ ఆపెరెట్టాలలో ప్రేమికులు విడిపోవడం దాదాపు నియమమైపోయింది. 1927 నాటి 'త్సారెవిచ్'లో సింహాసనం కోసం ప్రేమను వదులుకోవాలి. 1928 నాటి 'ఫ్రీడెరికె'లో యువకుడైన జర్మన్ కవి గోథే దూరమవుతాడు. అట్లాంటిక్‌కు ఆవల కూడా ఇదే ధోరణి: సిగ్మండ్ రోంబెర్గ్ 1924లో అందించిన 'స్టూడెంట్ ప్రిన్స్'లో హైడల్‌బర్గ్‌లో చదువుకోవడానికి వచ్చిన రాకుమారుడు రాచధర్మానికి తలవంచి కేథీని వదిలి వెళ్ళిపోతాడు. చౌకబారు భావుకత కోరినవన్నీ ఇచ్చేస్తుంది. ఈ కథలు ఇవ్వవు.

మరొక సంగతి మీ మిత్రులకు చెప్పవచ్చు. ఈ బాణీ 1929లో పుట్టింది కాదు. అదే కథకు తొలిరూపమైన 'పసుపు కోటు' 1923లో వియన్నాలో ప్రదర్శితమైనప్పుడే, వేరే మాటలతో, ఆ బాణీ అందులో ఉంది. ఆ నాటకానికీ, ఆ పాటకూ పెద్దగా ఆదరణ దొరకలేదు. ఆరేళ్ళ తరువాత కొత్త మాటలు వచ్చి చేరాయి, కథలో చోటు మారింది, అన్నింటికీ మించి టౌబర్ గొంతును మనసులో పెట్టుకుని లెహార్ దాన్ని తిరగరాశాడు. అప్పుడుగాని అది ప్రపంచం చుట్టి రాలేదు. లెహార్ ఇలా టౌబర్ కోసమే రాసిన పాటలకు 'టౌబర్ పాట' అని ప్రత్యేకంగా ఒక పేరే స్థిరపడింది. ప్రేక్షకులు మళ్ళీ మళ్ళీ అడగడం, టౌబర్ అడిగిన ప్రతిసారీ అదే పల్లవిని వేరే తీరుగా, ఒకసారి నిండుగా, మరొకసారి దాదాపు గుసగుసగా పాడడం ఆనాటి రివాజు.

సంయమనానికి ఇంకా మంచి ఉదాహరణ కావాలంటే 1905 డిసెంబరు 30న వియన్నాలో మొదలైన లెహార్ ఆపెరెట్టా 'మెర్రీ విడో' వినండి. హన్నా కోట్ల ఆస్తికి వారసురాలైన విధవరాలు. డానిలో ఆమె పాత ప్రేమికుడు. డబ్బు కోసం వచ్చాడని అనుకుంటుందేమోనన్న పౌరుషంతో 'నిన్ను ప్రేమిస్తున్నాను' అన్న మాట చచ్చినా అననని భీష్మించుకుంటాడు. రెండో అంకంలో వారిద్దరూ ఒక వాల్ట్జ్‌కు (జంటగా ఆడే నృత్యపు బాణీకి) నృత్యం చేస్తారు. అక్కడ ఆ బాణీకి మాటలు లేవు, కూనిరాగమే. మూడో అంకంలో అదే బాణీ 'పెదవులు మౌనం, వయొలిన్లు గుసగుస' అన్న అర్థం గల మాటలతో యుగళగీతమై వస్తుంది. నోరు ఒప్పుకోని మాటను బాణీ ఒక అంకం ముందే ఒప్పేసుకుంది. ఇంత తెలివిగా కట్టిన సన్నివేశాన్ని సంగీతం తక్కువ అని తీసిపారేయడం నాకు న్యాయంగా తోచదు. అయితే ఆపెరెట్టాలన్నీ ఇలాంటివేనని నేను వాదించను. నాలుగు మంచి పాటల కోసం రెండున్నర గంటల పేలవమైన హాస్యాన్ని భరించవలసినవి చాలానే ఉన్నాయి.

మీరు అడిగిన 'నా హృదయమంతా నీదే' పాట మాటలు రాసినవారిలో ఒకరైన ఫ్రిట్జ్ లోనర్-బేడా యూదుడు. 1938లో నాజీలు ఆయనను నిర్బంధించారు. 1942 డిసెంబరులో ఆష్విట్జ్‌కు చెందిన మోనోవిట్జ్ శిబిరంలో ఆయన హతుడయ్యాడు. తండ్రి వైపు యూదు మూలాలున్న టౌబర్ 1933లో జర్మనీని, 1938లో ఆస్ట్రియాను వదిలి లండన్‌లో స్థిరపడ్డాడు. ఈ చరిత్ర తెలిసిన తరువాత 'నీవు లేని చోట నేను ఉండలేను' అన్న వాక్యాన్ని తేలికగా వినడం కష్టం.

ప్రశ్న: ప్రేమికుడి పాత్ర ఎప్పుడూ టెనర్‌కే ఎందుకు ఇస్తారు? మైకు లేకుండా అంత పెద్ద ఆర్కెస్ట్రాను దాటి ఒక మనిషి గొంతు ఎలా వినిపిస్తుంది?

జవాబు: 'ఎప్పుడూ' అనడానికి వీలులేదు. డానిలోను బారిటోన్లు (టెనర్ కన్నా కింది స్థాయి గొంతువారు) కూడా తరచుగా పాడతారు. సినిమాలో జెనెట్ మెక్‌డొనాల్డ్ సరసన 1935లో 'నాటీ మారియెట్టా' పాటలు పాడి పేరు తెచ్చుకున్న నెల్సన్ ఎడ్డీ కూడా బారిటోనే. కానీ మొగ్గు టెనర్ వైపే ఉన్న మాట వాస్తవం, దానికి శరీరధర్మం కొంత కారణం.

పురుషులు మామూలుగా మాట్లాడే శ్రుతి సెకనుకు సుమారు 100 నుంచి 130 కంపనాల దగ్గర ఉంటుంది. టెనర్ తన పాట శిఖరంలో నిలబెట్టే, పాశ్చాత్య సంగీతంలో 'ఎ' అని పిలిచే స్వరం 440 కంపనాలది, పేరుమోసిన 'హై సి' సుమారు 523. అంటే మాట్లాడే శ్రుతికి నాలుగు రెట్లు పైన, అరుపుగా మారకుండా, మాట స్పష్టత పోకుండా గొంతు నిలవాలి. మధ్య 'సి'కి (పియానో మెట్ల నడుమ ఉండే స్వరానికి) పైనున్న 'ఎఫ్' స్వరం చుట్టుపక్కల గొంతు సహజంగానే తీరు మార్చుకుంటుంది. శిక్షణ లేనివారి గొంతు అక్కడ చీలిపోతుంది, లేదా పలుచని దొంగగొంతులోకి జారిపోతుంది. ఆ సంధిని అతుకు కనబడకుండా దాటడానికే టెనర్లు ఏళ్ళ తరబడి సాధన చేస్తారు. వినేవారికి ఈ శాస్త్రం తెలియనక్కరలేదు. ఎదుటి మనిషి తన హద్దు అంచున నిలబడి పాడుతున్నాడని మన గొంతు కండరాలే మనకు చెబుతాయి. ప్రేమ నివేదనకు ఆ అపాయపు అంచు సరిగ్గా సరిపోతుంది.

ఇక ఆర్కెస్ట్రాను దాటే రహస్యం కేవలం బలంలో లేదు. ఆర్కెస్ట్రా ధ్వనిశక్తి సుమారు 500 కంపనాల దగ్గర ఎక్కువగా ఉండి, ఆపైన క్రమంగా తగ్గిపోతుంది. శిక్షణ పొందిన గాయకుడు స్వరపేటికకు కాస్త పైనున్న సన్నని నాళాన్ని సర్దుకుని, 3000 కంపనాల పరిసరాల్లో తన ధ్వనిలో ఒక ప్రత్యేకమైన మెరుపు తెచ్చుకుంటాడు. స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బెర్గ్ 1970లలో దీనిని వివరించాడు. ఆర్కెస్ట్రా బలహీనపడే చోట గొంతు బలపడుతుంది, పైగా మన చెవి అత్యంత సున్నితంగా ఉండేదీ ఆ ప్రాంతంలోనే.

తారస్థాయి స్వరాలను నిండు ఛాతీ బలంతో పాడడం అనాదిగా ఉన్న పద్ధతి కాదు. 1837లో పారిస్‌లో జిల్బెర్ డ్యుప్రే 'హై సి'ని అలా పాడి సంచలనం సృష్టించేదాకా టెనర్లు పైస్వరాలను తేలికైన గొంతులోనే పాడేవారు. ఆపెరెట్టా ఈ రెండు పద్ధతులనూ వాడుకుంటుంది. టౌబర్ బలం అతి ఎత్తైన స్వరాల్లో లేదు. పైస్వరాన్ని నిండుగా పట్టుకుని, తెంచకుండా, దారంలా సన్నబరచుకుంటూ పోవడంలో ఉంది. గట్టిగా పాడేవారు దొరుకుతారు గానీ, ఇలా తగ్గించగలిగేవారు అరుదు.

ప్రశ్న: మారియో లాంజా నాకు ఎంతో ఇష్టం. ఆయన 'నిజమైన' టెనర్ కాదని, సినిమా గొంతని కొందరు కొట్టిపారేస్తారు. మీ అభిప్రాయం ఏమిటి?

జవాబు: గొంతు నిజమైనదే, అందులో నాకు సందేహం లేదు. ఒపెరా రంగస్థలం మీద ఆయన అనుభవం చాలా తక్కువన్నదీ నిజమే. 1921లో ఫిలడెల్ఫియాలో పుట్టి, 1959లో రోమ్‌లో 38 ఏళ్ళకే మరణించిన లాంజా, 1951లో ప్రసిద్ధ ఇటలీ టెనర్ కరూసో పాత్రలో నటించిన సినిమాతో కోట్లమందికి టెనర్ గొంతు రుచి చూపించాడు. 'స్టూడెంట్ ప్రిన్స్' సినిమా సంగతి మరీ చిత్రమైనది. పాటలన్నీ ముందే రికార్డు చేసిన తరువాత ఆయనకూ నిర్మాణసంస్థకూ చెడింది. 1954లో సినిమా వచ్చేసరికి తెరమీద ఎడ్మండ్ పర్డమ్ పెదవులు కదుపుతుంటే వినిపించింది మాత్రం లాంజా గొంతు. మనిషి తెరమీద లేకపోయినా ఆ సినిమాలోని 'సెరినేడ్' అన్న ప్రేమగీతం జనానికి ఆయన పాటగానే మిగిలిపోయింది.

ఆయనలో నాకు నచ్చనిది ఒక్కటే. ప్రతి పంక్తినీ చివరి పంక్తిలాగే పాడతాడు. మొదటి పల్లవికే శక్తినంతా వెచ్చించేస్తే రెండోసారికి ఎక్కడానికి మెట్టు మిగలదు. వరసగా పది పాటలు వింటే ఈ లోపం తెలుస్తుంది, ఒక్కటి వింటే తెలియదు. కాబట్టి లాంజాను ఒక్కొక్క పాటగా వినమని నా సలహా.

ప్రశ్న: ఎక్కడ మొదలుపెట్టాలి? పాత రికార్డులలోని గరగర నాకు అడ్డుగా ఉంటోంది.

జవాబు: అయితే పాతవాటితో మొదలుపెట్టకండి. టెనర్ నికొలాయ్ గెడ్డా, గాయని ఎలిజబెత్ ష్వార్జ్‌కోఫ్‌లు ఒట్టో ఆకర్‌మన్ ఆర్కెస్ట్రా నిర్వహణలో 1953లో రికార్డు చేసిన 'చిరునవ్వుల దేశం' శుభ్రంగా వినిపిస్తుంది. తరువాత ఫ్రిట్జ్ వుండర్‌లిష్ పాటలు వినండి. 1966లో 36వ పుట్టినరోజుకు కొద్దిరోజుల ముందు మెట్లమీద నుంచి పడి మరణించిన ఈ గాయకుడి గొంతులో శ్రమ అన్నది ఎక్కడా వినిపించదు. 1990 జులై 7న రోమ్‌లో జరిగిన ముగ్గురు టెనర్ల కచేరీలో ప్లాసిడో డొమింగో కూడా లెహార్ 'నా హృదయమంతా నీదే' పాటనే ఎంచుకున్నాడు. గెడ్డా, వుండర్‌లిష్, డొమింగోల దగ్గర చెవి అలవాటు పడ్డాక టౌబర్‌కూ, జోసెఫ్ ష్మిట్‌కూ వెళ్ళవచ్చు. పొట్టి మనిషి కావడం వల్ల రంగస్థల అవకాశాలు దాదాపు మూసుకుపోయిన ష్మిట్ రేడియో ద్వారా ఐరోపా అంతటా పేరు పొందాడు. 1942లో స్విట్జర్లాండ్‌లో నిర్బంధంలో ఉండగా మరణించాడు.

కరూసోకు వెళ్ళేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఆయన 1902 ఏప్రిల్‌లో మిలాన్ హోటల్ గదిలో మొదటి పది పాటలు రికార్డు చేసినప్పుడు మైకు లేదు. విద్యుత్ రికార్డింగు వచ్చింది 1925లో, అప్పటికి ఆయన పోయి నాలుగేళ్ళు. అంతదాకా గాయకుడు ఒక బాకా వంటి గొట్టంలోకి పాడితే ఆ కంపనాలే సూదిని కదిపేవి. ఆ పద్ధతిలో వయొలిన్లు, మంద్ర వాద్యాలు సరిగా పడేవి కావు, టెనర్ గొంతు మాత్రం బాగా పడేది. ఆనాటి డిస్కులు అన్నీ నిమిషానికి 78 చుట్ల వేగంతో తయారైనవి కావు. నాలుగైదు చుట్లు ఎక్కువ వేగంతో తిప్పితే శ్రుతి దాదాపు అర్ధస్వరం పెరిగి, గొంతు పలచబడి, కంపితం వణుకులా వినిపిస్తుంది. అందుచేత పాత టెనర్ గొంతు మీకు కీచుగా తోస్తే గాయకుణ్ణి తప్పుపట్టే ముందు, అదే రికార్డును వేగం సరిచేసి విడుదల చేసిన మరొక ప్రతిలో విని చూడండి.