చల్లటి కొలత, వేడి పైపు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. కారుకు సైలెన్సర్ లైను, అంటే ఇంజను పొగను వెనక్కి పంపే గొట్టాల వరస మొత్తం, సొంతంగా కట్టుకుంటానని రాశావు. సంతోషం. పైపు కొనడానికి ఆటోనగర్ బయలుదేరే ముందు ఇది చదువు.

బీచ్ రోడ్డు పక్కన నిలిపే బండికి మామూలు ఇనుప పైపు వేస్తే ఉప్పుగాలి తినేస్తుంది. 304 రకం స్టెయిన్‌లెస్, 1.5 మిల్లీమీటర్ల మందంలో తీసుకో. చవకని జింకు పూత పూసిన నీళ్ల జీఐ పైపు తెచ్చేవు! వెల్డింగు వేడికి దాని జింకు పొగై లేస్తుంది, పీలిస్తే రాత్రికి చలిజ్వరం. ఇనుము రుద్దిన బ్రష్షును స్టెయిన్‌లెస్ మీద పెట్టకు. ఆ రజను అంటుకున్న చోటే తుప్పు మొదలవుతుంది.

పైపు లావు విషయంలో నీ స్నేహితుల మాట వినకు. 1200 సీసీ ఇంజనుకు రెండున్నర అంగుళాల గొట్టం పెడితే చప్పుడు తప్ప ఒరిగేదేమీ లేదు. సింహాచలం కొండ ఎక్కేటప్పుడు లాగుడు తగ్గి నీకే తెలిసొస్తుంది. కంపెనీ పైపు కన్నా ఒక పిసరు లావు చాలు. వంపు దగ్గర నొక్కుకుపోని గొట్టం చూసుకో.

ఇక అసలు పని, అమర్చడం. జాక్ ఒక్కదాన్నే నమ్మి కారు కిందకు దూరకు, స్టాండ్లు వెయ్యి. బ్యాటరీ విప్పు. ఇంజను వైపు ఫ్లాంజ్ (బోల్టులు పట్టే పైపు అంచు పళ్లెం) బిగించి, వెనక సైలెన్సర్‌ను దాని చోట వేలాడదీసి, మధ్యలో పైపును ముక్కముక్కగా పేర్చుకుంటూ రా. ఒక్కో అతుకుకు మూడు నాలుగు టాకులే, అంటే పట్టి ఉంచడానికి చుక్కంత వెల్డులే. అతుకుకు అడ్డంగా మార్కర్‌తో గీత గీసుకుంటే, విప్పి మళ్లీ పెట్టినప్పుడు కోణం తప్పదు.

నువ్వు కొలిచేది చల్లటి పైపును. మీటరు స్టెయిన్‌లెస్ పైపు 400 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 7 మిల్లీమీటర్లు సాగుతుంది. పైగా క్లచ్ వదిలిన ప్రతిసారీ ఇంజను ఊగుతుంది. అందుకే ముందు ఫ్లెక్స్ పైపు (ఊపుకు వంగే గొట్టం ముక్క), వెనక రబ్బరు హ్యాంగర్లు ఉండి తీరాలి. లైనును చేత్తో ఊపి చూడు. బ్రేకు గొట్టానికో పెట్రోలు గొట్టానికో ఎక్కడ దగ్గరపడుతోందో తెలిసిపోతుంది. హ్యాంగర్ రబ్బరును సాగదీసి తగిలించాల్సి వస్తే కొక్కెం చోటు మార్చు.

అన్నీ కుదిరాక దించి బల్లమీద టిగ్ వెల్డింగు చెయ్యి, అంటే గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు చుట్టూ పంపుతూ చేసే వెల్డింగు. పైపు లోపలికీ ఆర్గాన్ పంపించు, లేకపోతే లోపలి అతుకు పంచదార పలుకుల్లా గరుకెక్కి అక్కడే పగులుతుంది. పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెన్సారుకు ముందున్న అతుకులో సన్న సందు మిగిలినా బయటి గాలి చొరబడి సెన్సారు లెక్క తప్పుతుంది, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేయమనేవాళ్లు దొరుకుతారు, చెవిన పెట్టకు. పొగ గొట్టం కొస బంపరు దాటి బయటికి రావాలి, కారు కింద ఆగకూడదు.

మొదటిసారి బాగా వేడెక్కి చల్లారాక ఫ్లాంజ్ బోల్టులు మళ్లీ బిగించు. టాకుల మీద ఉండగానే ఫోను చేస్తే వచ్చి ఊపి చూస్తాను. పూర్తి వెల్డింగయ్యాక పిలిస్తే మీ అమ్మ చేతి కాఫీ తాగి వెళ్తాను, అంతే.

మీ మామయ్య