నేవీ ఆఫీసర్ కావాలంటే జేఈఈ మానక్కర్లేదు

అన్నగారూ, గుంటూరులో ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది చదువుతున్న మీ అబ్బాయి నేవీ ఆఫీసర్ అవుతానంటూ జేఈఈ వదిలేస్తున్నాడని రాశారు. దయచేసి వదలనివ్వకండి. నేవీ ‘టెన్ ప్లస్ టూ బీటెక్’ ఎంట్రీకి ఇంటర్వ్యూకి పిలిచేదే జేఈఈ మెయిన్ ర్యాంకు చూసి. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 70 శాతం, టెన్త్‌లోనో ఇంటర్‌లోనో ఇంగ్లిష్‌లో 50 శాతం ఉండాలి. ఎంపికైతే కేరళలోని ఎళిమల నేవల్ అకాడమీలో నాలుగేళ్ల బీటెక్. చదువు ఖర్చు, భోజనం, వసతి అన్నీ నేవీవే.

నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశ పరీక్ష, అంటే ఎన్‌డీఏ కూడా రాయించండి, యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. మ్యాథ్స్‌కి 300, జనరల్ ఎబిలిటీకి 600 మార్కులు. కాబట్టి లెక్కలొక్కటే నమ్ముకుంటే చాలదు.

అసలు గండం ఎస్ఎస్‌బీ, అంటే ఈ రెండు దారుల్లోనూ ఎదురయ్యే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూ. ఐదు రోజులు సాగుతుంది, కానీ మొదటిరోజు స్క్రీనింగ్‌లోనే చాలామందిని వెనక్కి పంపేస్తారు. బొమ్మ చూపించి కథ రాయమంటారు, తర్వాత గుంపులో దాని గురించి చర్చించాలి. ఇక్కడే మన పిల్లలు ఆగిపోతున్నారు. తెలివి లేక కాదు, పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో నోరు తెరిచే అవకాశమే ఉండదు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. రోజూ ఇంగ్లిష్ పేపర్‌లో ఒక వార్త చదివించి, దాని మీద మీతో మాట్లాడించండి. సాయంత్రం కాసేపు పరుగెత్తనివ్వండి.

ఈ వారంలోనే కంటి డాక్టర్ దగ్గర రంగులు గుర్తించే పరీక్ష చేయించండి. మెడికల్‌లో దాన్ని గట్టిగా చూస్తారు.

అబ్బాయి దూరమైపోతాడన్న వదినగారి టెన్షన్ సంగతి: తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం విశాఖలోనే ఉంది. అయితే పోస్టింగ్ అక్కడే వస్తుందని మాత్రం ఆవిడకు మాటివ్వకండి.