నంబరు చిన్నదైతే విలువ పెద్దదా?

ప్రశ్న: మన హైదరాబాద్ మఖ్తా బస్తీ గోడల మీది బొమ్మలు చూసినప్పటి నుంచి వీధి చిత్రకారుల ప్రింట్ల మీద మనసు పడింది. మొన్న ఒక స్క్రీన్ ప్రింట్ కొన్నాను. కింద పెన్సిలుతో 87/150 అని ఉంది. మొదటి పది నంబర్లకే గిరాకీ అంటున్నారు. మోసపోయానా?
– ఒక పాఠకురాలు, మెహదీపట్నం

జవాబు: లేదమ్మా. మొత్తం 150 ప్రతుల్లో మీది 87వది, అంతే. రాగి పలక మీద చెక్కి అద్దితే పలక అరిగిపోతుంది కాబట్టి అక్కడ తొలి ప్రతులకు విలువ. స్క్రీన్ ప్రింట్‌లో నంబర్లు ముద్రణ వరసలోనే పడాలని లేదు. సంతకం మాత్రం లెక్కలోకి వస్తుంది. బ్రిటన్ వీధి చిత్రకారుడు బ్యాంక్సీ గీసిన ఎర్ర బెలూను పాప ప్రింట్లు 150 సంతకంతో, 600 సంతకం లేకుండా వచ్చాయి. ధరల్లో చాలా తేడా. ఆయన ప్రింటు అసలుదో కాదో తేల్చే సంస్థ పేరు పెస్ట్ కంట్రోల్! బొద్దింకలతో దానికి పని లేదు.

మీరు రసీదు దాచారా? ఇంకో మాట, లామినేషన్ జోలికి పోకండి. కోఠీలో ఒక ఫ్రేముల అబ్బాయి నా మొదటి ప్రింటును నేను చెప్పకుండానే లామినేట్ చేసి నవ్వుతూ చేతిలో పెట్టాడు. పెన్సిలు సంతకం ప్లాస్టిక్ కింద ఇప్పటికీ మెరుస్తూనే ఉంది, కొనేవాళ్లే లేరు.