మూత బిగించిన బోరు పక్కన నాలుగు నెలలు

యూరోపియన్ యూనియన్ వంటి కూటములు పేద దేశాలకు ఇచ్చే సాయానికి డబ్బు ఎక్కడి నుంచి తెస్తాయని ఒకరు నన్ను అడిగారు. దానికి జవాబు చిన్నది: సభ్య దేశాలే వాటాలు వేసుకుంటాయి. ఆ డబ్బు పల్లె దాకా ఎలా చేరుతుందన్నదే పెద్ద కథ. అందులో కొంత నా కళ్లారా చూశాను.

2011లో జాంబియా తూర్పు ప్రాంతంలో, చిపాటా చుట్టుపక్కల పల్లెల్లో మంచినీటి బోర్లు వేయించే పనికి సైట్ ఇంజినీరుగా ఉన్నాను. డబ్బు యూరోపియన్ అభివృద్ధి నిధిది. 1957 నాటి రోమ్ ఒప్పందంతో పుట్టిన ఈ నిధి 2020 దాకా యూనియన్ బడ్జెట్‌లో భాగమే కాదు. ప్రతి విడతకూ సభ్య దేశాలు విడిగా కూర్చుని ఎవరి వాటా ఎంతో తేల్చుకునేవి. మా పనికి డబ్బిచ్చిన పదో విడత 2,268 కోట్ల యూరోలు. జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్ కలిసి సగానికి పైగా భరించాయి. 2008 జనవరిలో మొదలు కావలసిన ఆ విడత, సభ్య దేశాలన్నీ ఆమోదించేసరికి జులై అయింది.

ఇక మా బోరు సంగతి. ఒక పల్లెలో యాభై మీటర్ల లోపే మంచి నీళ్లు పడ్డాయి. కేసింగు దించాం, చుట్టూ సిమెంటు గట్టు కట్టాం. బిగించవలసింది ఇండియా మార్క్-2 చేతిపంపు. జాంబియా పల్లెల్లో ఎక్కువగా కనిపించేది అదే. దాని గొలుసు, సిలిండరు విప్పి బాగుచేయగల మనుషులు ప్రతి చోటా ఉంటారు. భారత్‌లో కొనడానికి మినహాయింపు వస్తుందన్న నమ్మకంతో కంపెనీ వాటిని అక్కడి నుంచి తెప్పించింది. కానీ ఆ నిధితో కొనే వస్తువు యూరప్‌లోనో, యూనియన్‌తో ఒప్పందం ఉన్న ఆఫ్రికా, కరీబియన్, పసిఫిక్ దేశాల్లోనో తయారై ఉండాలన్నది నిబంధన. మినహాయింపు కోరే కాగితం జాంబియా ఆర్థిక శాఖ నుంచి యూనియన్ ప్రతినిధి కార్యాలయానికి, అక్కడి నుంచి యూనియన్ కేంద్రం బ్రస్సెల్స్‌కు వెళ్లి రావాలి. పంపులేమో చిపాటా గోదాములో చెక్కపెట్టెల్లోనే ఉన్నాయి.

నాలుగు నెలలు. ఎండలు ముదిరాయి. మూత సందులోంచి గులకరాయి జారవిడిచి, పైపుకు చెవి ఆనించి, అడుగున నీటి చప్పుడు వినడానికి పిల్లలు వరుస కట్టేవారు. రాళ్లు పడితే బోరు పాడవుతుందని వాళ్లను అదిలించడం నా పని. అదే వేళకు వాళ్ల తల్లులు ఎండిన వాగులో చెలమలు తోడుకుని, చిప్పతో కొంచెం కొంచెంగా బిందెలు నింపుకునేవారు. నీళ్లు పడ్డ రోజున మాకు వేరుశనగలు పెట్టిన ముసలమ్మ, నెల తిరిగాక మా జీపు కనిపిస్తే మొహం తిప్పుకునేది. ఆమె కోపం న్యాయమైనదే. పంపు రాకముందే అక్కడ నీలిరంగు బోర్డు మాత్రం నిలబడింది. దాత పేరు కనబడాలన్న నిబంధనకు ఏ మినహాయింపూ అక్కర్లేదు!

అందుకే వాటాల లెక్కలు చదివి మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దక్షిణ అమెరికాలో మెర్కోసుర్ కూటమి 2005లో పెట్టుకున్న నిధి నాకు ఇంతకంటే నచ్చుతుంది. ఏడాదికి 10 కోట్ల డాలర్లలో బ్రెజిల్ 70 శాతం వేసేలా, పరాగ్వే ఒక్క శాతం వేసి 48 శాతం తీసుకునేలా మొదట్లోనే రాసుకున్నారు. ఎవరికి ఎంతో ముందే తేలిపోయింది. నన్నడిగితే, సాయం తీసుకునే దేశం ఖజానాకే డబ్బు జమచేసి ఆ దేశపు ఆడిటర్లతో లెక్క చూపించుకోవాలి. అవినీతి జరుగుతుందని భయపెడతారు. ఆలస్యం వల్ల జరిగే నష్టాన్ని మాత్రం ఎవరూ లెక్కకట్టరు.

2021లో యూరోపియన్ అభివృద్ధి నిధిని యూనియన్ బడ్జెట్‌లో కలిపేశారు. ఏడేళ్లకు 7,950 కోట్ల యూరోల కొత్త ఏర్పాటు వచ్చింది, వస్తువు ఎక్కడ తయారైందన్న పట్టింపూ సడలింది. పదేళ్ల ముందే ఆ పని చేసి ఉండవలసింది.

మా పంపు డిసెంబరులో బిగించాం. అప్పటికి వానలు మొదలై వాగులో నీళ్లు పారుతున్నాయి.