స్కోరు కార్డు ముందుగా చూడవలసింది బావగారు కాదు

అమ్మా, జనవరిలో జరిగిన ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్‌లో మీ అబ్బాయికి 118 మార్కులు, 91 పర్సంటైల్ వచ్చాయనీ, అతనికంటే నాలుగు మార్కులు తక్కువ వచ్చిన మీ తోటికోడలి కూతురికి పర్సంటైల్ ఎక్కువ రావడంతో, బావగారింట్లో అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు మీవారు "మార్కులు అబద్ధం చెప్పావు" అని నిలదీశారనీ, పిల్లవాడు కంచం ముందునుంచి లేచిపోయాడనీ రాశారు. లాంగ్‌టర్మ్‌లో, అంటే ఏడాది ఆగి మళ్లీ రాసేందుకు తీసుకునే కోచింగ్‌లో, చేర్పించాలా అని అడిగారు. ఇప్పుడు ఆ ప్రశ్నే అనవసరం. ఏప్రిల్ సెషన్ ఇంకా ఉంది, రెండూ రాస్తే మెరుగైన స్కోరునే ర్యాంకుకు తీసుకుంటారు.

పర్సంటైల్ అంటే నూటికి వచ్చిన మార్కులు కాదు. అదే షిఫ్టులో, అంటే అదే రోజు అదే పూట, రాసిన ప్రతి వందమందిలో ఎంతమందికి మీవాడితో సమానంగా గానీ, తక్కువగా గానీ మార్కులు వచ్చాయో చెప్పే లెక్క అది. ఒక్కో షిఫ్టుకు ఒక్కో ప్రశ్నపత్రం ఇస్తారు కనుక, పేపరు కఠినంగా వచ్చిన షిఫ్టులో తక్కువ మార్కులకే ఎక్కువ పర్సంటైల్ వస్తుంది. వేర్వేరు షిఫ్టుల్లో రాసిన అన్నదమ్ముల పిల్లల మార్కులను పోల్చి ఒకరిని దొంగను చేయడం అన్యాయం. అలాగని 91ని చూసి నిశ్చింతగా ఉండనూ వద్దు. పది లక్షల మంది రాస్తే ఇంకా తొంభై వేల మంది ముందున్నట్టు.

స్కోరు కార్డు రాగానే మీవారు దాన్ని ఫొటో తీసి ముందు అన్నగారికి పంపి, ఆయన మాట విన్నాకే కొడుకు వైపు తిరిగారని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. అసలు చిక్కు అక్కడే ఉంది. తండ్రి పోయాక చదివించిన అన్నగారి మీద గౌరవం ఉండవలసిందే, నేను కాదనను. కానీ ఆ ఋణం మీవారిది. దాన్ని పదిహేడేళ్ల పిల్లవాడి పరువుతో తీర్చే హక్కు ఆయనకు లేదు.

స్కోరు కార్డులో పర్సంటైలే తప్ప మార్కులుండవు. వాటిని లెక్కవేసుకున్న రెస్పాన్స్ షీటు (అతను గుర్తించిన జవాబుల పత్రం) మీ అబ్బాయి దగ్గరే ఉంటుంది. దాన్నీ, ఫైనల్ కీనీ (సరైన జవాబుల తుది జాబితానీ) ప్రింటు తీయించి, మీవారే కొడుకు పక్కన కూర్చుని, ఒప్పుకు 4 కలుపుతూ, తప్పుకు 1 తీసేస్తూ 75 ప్రశ్నలూ చూడాలి. మీరు మధ్యలో కూర్చోవద్దు. లెక్క 118కి తేలితే, అబద్ధమన్న మాటను మీవారు వెనక్కి తీసుకోవాలి, అదీ అన్నగారి ఎదుటే.